నలుగురు పసిబిడ్డలు - ఒక తల్లి ప్రశ్న

 



కొంతకాలం క్రితం ఒక ఊళ్ళో మహిళల ఇజ్తిమా జరిగింది. ప్రసంగం ముగిశాక పరదా వెనుక నుంచి ప్రశ్నల చీటీలు వచ్చాయి. వాటిలో ఒకటి ఎవరో పిల్లవాడి లెక్కల నోటుబుక్కులోంచి చించిన కాగితం. ఒకవైపు కూడికలు, రెండోవైపు ఆ తల్లి ప్రశ్న.

ఆమెకు నలుగురు పిల్లలు. పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి ఆరు నెలలు. పెళ్ళికి ముందు తహజ్జుద్ చదివేదట, రోజుకొక పారా తిలావత్ చేసేదట. ఇప్పుడు ఫర్జ్ నమాజు కూడా ఒక బిడ్డ కొంగు పట్టుకొని లాగుతుంటే, మరొక బిడ్డ ఏడుస్తుంటే ఎలాగో ముగిస్తున్నానని రాసింది. మొన్న పెద్దవాడు చెల్లెలికి పాలు తెస్తూ గిన్నె ఒలకబోశాడు. ఆ చిరాకులో వాణ్ణి కొట్టి, నువ్వు పుట్టకపోయినా బాగుండేదని అనేసింది. వాడు ఏడవలేదు. రాత్రి పక్కలో పడుకున్నాక మెల్లగా అడిగాడట: "అమ్మీ, నేను పుట్టకపోతే నిజంగా బాగుండేదా?" ఆ రాత్రంతా ఆమెకు నిద్ర పట్టలేదు. చివర ఆమె అడిగింది ఒకటే: "నేను అల్లాహ్‌కు దూరమైపోతున్నానా?"

ఆ చీటీకి ఆ రోజు సమయం మేరకు కొంత జవాబు చెప్పాను. ఇది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. మన ఇళ్ళలో ఎందరో తల్లులు పైకి అడగలేక మనసులో దాచుకున్న ప్రశ్న. కనుక కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

సంతానం శోభ, సంతానం పరీక్ష

దివ్యఖుర్ఆన్ సంతానం గురించి రెండు మాటలు చెబుతుంది. అల్ కహఫ్ సూరా 46వ ఆయతులో సిరిసంపదలు, సంతానం ప్రాపంచిక జీవితానికి శోభ అని ఉంది. అత్ తగాబున్ సూరా 15వ ఆయతులో మీ సిరిసంపదలు, మీ సంతానం మీకొక పరీక్ష అని ఉంది. అక్కడ వాడిన పదం 'ఫిత్నా'. బంగారాన్ని నిప్పుల్లో కరిగించి మేలిమిని, కల్తీని వేరు చేయడం ఆ పదానికి మూలార్థం.

ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే రోజున మనం చూస్తాం. తెల్లవారగానే నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే ఆ ఇంటికి అంతకు మించిన శోభ ఏముంది? మూడేళ్ళది తన నోట్లోని బిస్కట్టు తీసి తమ్ముడి నోట్లో పెడుతుంటే ఏ తల్లి గుండె కరగదు? అదే ఇంట్లో మధ్యాహ్నానికి ఒకడు గోడల నిండా గీతలు గీస్తాడు, ఒకతె అన్నం పళ్ళెం బోర్లిస్తుంది, చంటిది జ్వరంతో ఒడి దిగదు. పొద్దున శోభగా కనిపించిన పిల్లలే మధ్యాహ్నానికి పరీక్ష అవుతారు. పిల్లలు మారలేదు. నిప్పు రాజుకుంది, మనలోని బంగారమెంతో, కల్తీ ఎంతో తేలే ఘడియ వచ్చింది, అంతే.

పరీక్ష అంటే శిక్ష కాదని ముందుగా గుర్తుంచుకోవాలి. సంతానం కోసం వృద్ధాప్యంలోనూ చేతులెత్తి వేడుకున్న జకరియ్యా (అలై) గాథను ఖుర్ఆన్ మర్యమ్ సూరాలో వినిపిస్తుంది. మన ఊళ్ళోనే ఒక్క బిడ్డ కోసం ఏళ్ళ తరబడి దుఆ చేస్తున్న దంపతులు ఎందరో ఉన్నారు. మనకు చికాకు తెప్పించే ఈ గోల వారు కన్నీళ్ళతో అడుగుతున్న వరం.

ఆరాధన పోయిందా, రూపం మారిందా?

ఇక ఆ సోదరి అసలు ప్రశ్నకు వద్దాం. తహజ్జుద్ పోయింది, తిలావత్ తగ్గింది. మరి అల్లాహ్‌కు దూరమైనట్లేనా?

లుఖ్మాన్ సూరా 14వ ఆయతు చూడండి. తల్లి బలహీనత మీద బలహీనత భరిస్తూ బిడ్డను మోసిందని, పాలు మాన్పించడానికి రెండేళ్ళు పడుతుందని అల్లాహ్ స్వయంగా ప్రస్తావిస్తున్నాడు. అహ్ ఖాఫ్ సూరా 15వ ఆయతులో ఆ మోయడం, పాలు మాన్పించడం కలిపి ముప్పయి నెలలని లెక్క చెబుతున్నాడు. భర్త గమనించకపోవచ్చు, అత్తగారు లెక్కపెట్టకపోవచ్చు. సృష్టికర్త మాత్రం నెలలు లెక్కపెట్టి తన గ్రంథంలో ఉంచాడు. ప్రళయం దాకా చదవబడే గ్రంథంలో చోటు దక్కిన శ్రమ వృథా ఎలా అవుతుంది?

దైవప్రవక్త (స) నమాజులో పసిపిల్లలకు ఎంత చోటిచ్చారో చూడండి. తమ మనవరాలు ఉమామాను, అంటే కుమార్తె జైనబ్ (రజి) బిడ్డను, ఎత్తుకొనే నమాజు చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు కింద దించేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మరొకసారి సామూహిక నమాజులో సజ్దా చాలాసేపు సాగింది. సహచరులు కంగారుపడ్డారు. నమాజు అయ్యాక కారణం అడిగితే, మనవడు తమ వీపు మీద ఎక్కాడని, వాడి ముచ్చట తీరకుండా తొందరపెట్టడం ఇష్టం లేకపోయిందని తెలిపారు. ఇది నసాయీలో ఉంది.

ఇంకొక విషయం. నమాజును దీర్ఘంగా చేయించాలని తలచి నిలబడినా, వెనుక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును కుదించేవాణ్ణని ఆయన సెలవిచ్చారు (బుఖారీ). యావత్ మానవాళికి ప్రవక్త, మస్జిదె నబవీలో ఇమాముగా నిలబడినవారు, ఒక తల్లి కోసం తమ పారాయణాన్ని తగ్గించుకున్నారు. అలాంటప్పుడు బిడ్డ ఏడుస్తుంటే తన నఫిల్‌ను తగ్గించుకున్న తల్లి తప్పు చేసినట్లా? ఆమె తన ప్రవక్త బాటలోనే నడిచింది.

ఈ సందర్భంలో మన సభల్లో అంతగా వినిపించని ఒక ఘటన చెప్పాలి. హజ్రత్ అలీ (రజి) సోదరి ఉమ్మె హానీ (రజి)ని దైవప్రవక్త (స) వివాహానికి అడిగారు. ప్రపంచంలో ఏ స్త్రీకైనా అంతకు మించిన గౌరవం ఉంటుందా? ఆమె మాత్రం తనకు వయసు మీరిందని, తనకు పిల్లలున్నారని విన్నవించుకున్నారు. ప్రవక్త (స) నొచ్చుకోలేదు. ఒంటెలెక్కే స్త్రీలందరిలో ఖురైష్ స్త్రీలు మేలైనవారని, పసితనంలో బిడ్డ పట్ల ఎక్కువ మమత చూపేది, భర్త సొత్తును జాగ్రత్తగా కాపాడేది వారేనని ప్రశంసించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. బిడ్డల బాధ్యతను ముందుంచిన తల్లికి దక్కిన ప్రశంస ఇది.

కనుక సోదరీ, ఫర్జ్ నమాజులను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. కొంగు లాగుతున్న బిడ్డను ఎత్తుకొనైనా చదవండి. మిగిలిన ఆరాధన పోలేదు, దాని రూపం మారింది. ఒకప్పుడు రాత్రి మూడింటికి తహజ్జుద్ కోసం లేచారు. ఇప్పుడు అదే మూడింటికి బిడ్డ పాల కోసం లేస్తున్నారు. ఆ లేవడాన్ని అల్లాహ్ ప్రసన్నత కోసం అని మనసులో అనుకోండి. కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయన్న హదీసు మనందరికీ తెలిసిందే.

అలసట చెప్పుకోవడం కృతఘ్నత కాదు

కొందరు పెద్దవాళ్ళు అంటారు: "మా కాలంలో మేము పది మందిని పెంచాం, ఒక్కరోజైనా అలసిపోయామన్నామా?" ఈ మాట విన్న కోడలు నోరు మూసుకుంటుంది. లోపల మాత్రం కుమిలిపోతుంది.

స్వర్గ స్త్రీల నాయకురాలైన హజ్రత్ ఫాతిమా (రజి) తిరగలి విసిరి చేతులు నొప్పి పుట్టగా, ఒక సేవకుని అడుగుదామని తండ్రిగారింటికి వెళ్ళారు. ఆయన ఇంట్లో లేకపోతే హజ్రత్ ఆయిషా (రజి)కి చెప్పి వచ్చారు. విషయం తెలిసిన ప్రవక్త (స) ఆ రాత్రి భార్యాభర్తలు పడుకున్నాక వారింటికి వచ్చి, వారి మధ్య కూర్చున్నారు. సేవకుని కంటే మేలైనదంటూ, పడుకునే ముందు 33 సార్లు సుబ్ హానల్లాహ్, 33 సార్లు అల్ హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ అనమని నేర్పారు. బుఖారీ, ముస్లింలలో హజ్రత్ అలీ (రజి) స్వయంగా ఉల్లేఖించిన సంఘటన ఇది.

ఇక్కడ గమనించవలసింది, అలసిపోయానన్న కుమార్తెను ఆయన మందలించలేదు. ఓపిక లేదా అని ఎత్తిపొడవలేదు. రాత్రివేళ నడిచి వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ తరువాతే జిక్ర్ నేర్పారు. మన ఇళ్ళలో అలసిన కూతురికి, కోడలికి, భార్యకు ఉపదేశం దొరుకుతోంది. పక్కన కూర్చునే మనిషి దొరకడం లేదు.

విశ్వాసికి కలిగే అలసట, జబ్బు, దిగులు, చివరకు కాలిలో దిగిన ముల్లు కూడా అతని పాపాలను కడుగుతాయని దైవప్రవక్త (స) శుభవార్తనిచ్చారు (బుఖారీ, ముస్లిం). నలుగురు పసిబిడ్డల తల్లికి రోజుకెన్ని ముళ్ళు దిగుతాయో ఆమెకే తెలుసు. అవేవీ ఊరికే పోవు.

కోపంలో నాలుక

ఇక పాలగిన్నె సంగతి. ఇది చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

మన తల్లులు కోపంలో అనే మాటలు మనకు కొత్త కాదు. "నీ నోరు పడిపోను", "నువ్వు చావవెందుకురా" అంటారు. ఉర్దూ ఇళ్ళలో "మర్ జా" అంటారు. మనసులో ఏమీ ఉండదు, మాట జారుతుంది అంతే. కాని సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. మీకు వ్యతిరేకంగా, మీ సంతానానికి వ్యతిరేకంగా, మీ సంపదకు వ్యతిరేకంగా శాపనార్థాలు పెట్టకండని, అది దుఆ స్వీకరించబడే ఘడియ అయితే ఆ మాటే నెరవేరవచ్చని ప్రవక్త (స) హెచ్చరించారు. తల్లి దుఆకు ఎంత బలముందో మనం నమ్ముతాం. మరి ఆ నోటి శాపానికి బలముండదని ఎలా అనుకుంటాం?

అంతేకాదు, మాట అల్లాహ్ దయతో నెరవేరకపోయినా, పిల్లవాడి మనసులో మాత్రం నిలిచిపోతుంది. ఏడేళ్ళవాడు రాత్రి దాకా ఆ మాటను మోసుకొని తిరిగాడు. తల్లి దెబ్బ మరచిపోయాడు గాని మాట మరువలేదు.

కొట్టడం గురించి కూడా ఆలోచిద్దాం. పిల్లలకు ఏడేళ్ళ వయసులో నమాజు చేయమని చెప్పాలని అబూ దావూద్ లోని హదీసు బోధిస్తోంది. పదేళ్ళు వచ్చేదాకా ఆ విషయంలో కఠినత్వం మాటే లేదు. ఏడు నుంచి పది దాకా మూడేళ్ళు. రోజుకు ఐదు పూటల చొప్పున లెక్కవేస్తే ఐదు వేల సార్లకు పైగా మంచిమాటతో చెప్పడమన్నమాట. ధర్మానికి మూలస్తంభమైన నమాజు విషయంలోనే ఏడేళ్ళ పిల్లవాడికి ఇంత గడువు ఉంటే, పాలు ఒలికించినందుకు కొట్టే హక్కు మనకు ఎక్కడిది? అదీ చెల్లెలికి పాలు తెచ్చే మంచిపని చేస్తూ ఒలికించినవాణ్ణి!

పదేళ్ళు ప్రవక్త సేవలో ఉన్న హజ్రత్ అనస్ (రజి) వచ్చినప్పుడు చిన్నపిల్లవాడే. ఆ పదేళ్ళలో ప్రవక్త (స) తనను ఒక్కసారైనా "ఛీ" అనలేదని, ఇదెందుకు చేశావు, అదెందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయన చెప్పారు (బుఖారీ, ముస్లిం). మన పిల్లలు పెద్దయ్యాక మన గురించి ఏం చెబుతారు?

మరి జరిగిపోయినదానికి ఏం చేయాలి? అల్లాహ్‌ను క్షమాపణ కోరుకోవాలి. తరువాత బిడ్డనూ అడగాలి. పెద్దవాళ్ళం పిల్లవాణ్ణి క్షమాపణ అడగడమేమిటని అనుకోకండి. దైవప్రవక్త (స) వద్దకు ఒకసారి పానీయం తెచ్చారు. ఆయన కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు కూర్చున్నారు. కుడివైపు వారికి ముందు ఇవ్వడం సున్నత్. పెద్దలకు ముందుగా ఇవ్వడానికి ఆయన ఆ బాలుణ్ణి అనుమతి అడిగారు. బాలుడు తన వంతు వదులుకోనన్నాడు. ఆయన గిన్నె ఆ బాలుడి చేతికే ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). పిల్లవాడి చిన్న హక్కునే అంతగా గౌరవించిన ప్రవక్త అనుచరులం మనం. ఆ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, "నేను తప్పు మాట అన్నాను నాన్నా, నువ్వు అల్లాహ్ మాకిచ్చిన బహుమానం" అని చెబితే తల్లి గౌరవం తగ్గదు. తప్పు చేస్తే ఒప్పుకోవాలన్న పాఠం వాడికి జీవితాంతం నిలుస్తుంది.

నలుగురి మధ్య న్యాయం

ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో రాని పరీక్ష నలుగురున్న ఇంట్లో వస్తుంది. అదే న్యాయం.

హజ్రత్ బషీర్ (రజి) తన కుమారుడు నూమాన్‌కు ఒక కానుక ఇవ్వదలిచారు. ప్రవక్తను సాక్షిగా పెడితేనే ఒప్పుకుంటానని తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) పట్టుబట్టారు. బషీర్ (రజి) వెళ్ళి చెప్పగా, మిగతా పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదన్నారు. అల్లాహ్‌కు భయపడండి, మీ సంతానం మధ్య న్యాయం పాటించండి అని ఆయన ఉపదేశించారు. బషీర్ (రజి) ఆ కానుకను వెనక్కి తీసుకున్నారు (బుఖారీ, ముస్లిం). పిల్లలందరూ నీ పట్ల సమానంగా మంచిగా ఉండాలని నీకు లేదా అని అడిగినట్లు కూడా ముస్లిం ఉల్లేఖనంలో ఉంది. ఈ రోజు మనం పంచే ప్రేమలో తేడా, రేపు వారు మనకు చేసే సేవలో కనిపిస్తుంది.

యూసుఫ్ సూరా చదివితే ఇంకొక జాగ్రత్త బోధపడుతుంది. యాఖూబ్ (అలై) దైవప్రవక్త. ఆయన అన్యాయం చేశారని మనం తలంచము. అయినా యూసుఫ్, అతని తమ్ముడు మనకంటే నాన్నకు ప్రియమైనవారన్న తలంపు అన్నల మనసులో నాటుకుంది. ఆ తలంపు వారిని బావి దాకా నడిపింది. ప్రవక్త ఇంట్లోనే షైతాన్ అసూయ రేపగలిగితే మన ఇళ్ళ సంగతి ఏమిటి? తెల్లగా ఉన్నదాన్ని ఒళ్ళో, నల్లగా ఉన్నదాన్ని వంటింట్లో ఉంచడం, చదివేవాణ్ణి చూపి చదవనివాణ్ణి దెప్పడం, కొడుక్కి గుడ్డు పెట్టి కూతురికి పులుసు పోయడం, ఇవన్నీ తవ్వుతున్న బావులే.

ఆడపిల్ల విషయంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన సంఘటన మరువరానిది. ఒక పేద తల్లి ఇద్దరు కూతుళ్ళతో వచ్చింది. ఆయిషా (రజి) ఆమెకు మూడు ఖర్జూరాలు ఇచ్చారు. ఆమె చెరొకటి ఇచ్చి, మూడోది తాను తిందామని నోటి దాకా తెచ్చుకుంది. పిల్లలు అదీ అడిగారు. ఆమె దాన్ని రెండుగా చీల్చి ఇద్దరికీ ఇచ్చేసింది. ఆ ఖర్జూరం కారణంగా అల్లాహ్ ఆమెకు స్వర్గం ఖాయం చేశాడని ప్రవక్త (స) తెలిపారు (ముస్లిం). ఆమె త్యాగంతో పాటు న్యాయం కూడా గమనించండి. ఆకలితో ఉన్నా రెండు సమానమైన ముక్కలు చేసింది.

న్యాయమంటే అందరికీ ఒకటే ఇవ్వడం కాదు. చంటిదానికి ఒడి కావాలి, పెద్దవాడికి మాట కావాలి. ముఖ్యంగా పెద్దబిడ్డను మరువకండి. తమ్ముళ్ళు పుట్టగానే వాడు పెద్దవాడైపోడు. ఏడేళ్ళవాడు ఏడేళ్ళవాడే. రోజుకు పది నిమిషాలు, చంటిదాన్ని నానీకో, దాదీకో అప్పగించి వాడొక్కడితో కూర్చోండి.

తండ్రులకు ఒక మాట

చీటీ రాసింది తల్లి. అందులో ఆమె భర్త గురించి ఒకే వాక్యం ఉంది: పొద్దున దుకాణానికి వెళ్ళి ఇషా తరువాత వస్తారు, పిల్లల గోల ఉంటే చిరాకు పడతారు.

ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ తన మంద గురించి అడగడం జరుగుతుందని ప్రవక్త (స) ప్రవచించారు. అందులో పురుషుడు తన ఇంటివారికి కాపరి అని స్పష్టంగా ఉంది. కాపరి సాయంత్రం వచ్చి, మంద ఎందుకు అరుస్తోందని చిరాకు పడడు. ఇంట్లో ప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు (బుఖారీ). రాజ్యభారం, దైవసందేశ భారం మోస్తున్న ఆయనకు తీరిక దొరికింది. మన దుకాణాలు అంతకంటే పెద్దవా?

ఒకసారి ప్రవక్త (స) మనవడు హసన్ (రజి)ను ముద్దు పెట్టుకున్నారు. అక్కడ ఉన్న అఖ్రా బిన్ హాబిస్, తనకు పదిమంది పిల్లలున్నారని, వారిలో ఒక్కరినీ ఎన్నడూ ముద్దాడలేదని అన్నాడు. ప్రవక్త (స) అతని వైపు చూసి, కరుణ చూపనివానికి కరుణ లభించదని చెప్పారు (బుఖారీ, ముస్లిం). పదిమందికి తండ్రి కావడం వేరు, పదిమందికి తండ్రిగా ఉండడం వేరు.

సంపాదనకూ పుణ్యముంది. సందేహం లేదు. మనిషి ఖర్చు పెట్టే దీనార్లలో ఇంటివారిపై ఖర్చు పెట్టినదే ఎక్కువ పుణ్యప్రదమని ముస్లిం హదీసులో ఉంది. ఈ అంశంపై హదీసును ఉల్లేఖించిన అబూ ఖిలాబా, చిన్నచిన్న పిల్లల కోసం ఖర్చు చేసి, వారు ఒకరి ముందు చేయిచాచకుండా కాపాడే మనిషి కంటే గొప్ప పుణ్యం ఎవరికి ఉంటుందని వ్యాఖ్యానించారు. గల్ఫ్ దేశాల్లో ఎండలో చెమటోడ్చి మన జిల్లాలకు డబ్బు పంపే తండ్రులకు ఇది శుభవార్త. అయితే పంపే డబ్బుతో పాటు ఫోనులో ప్రతి బిడ్డతోనూ పేరు పెట్టి నాలుగు మాటలు మాట్లాడండి. తల్లితో మాట్లాడేటప్పుడు ఖర్చుల లెక్కతోనే ఆపకుండా, ఆమె ఎలా ఉందో కూడా అడగండి.

అల్ బఖరా సూరా 233వ ఆయతును ప్రతి భర్తా చదవాలి. రెండేళ్ళు పాలిచ్చే విషయం చెబుతూ అల్లాహ్, బిడ్డ కారణంగా తల్లికి నష్టం కలిగించరాదన్నాడు. పాలు మాన్పించడం కూడా ఇద్దరి అంగీకారంతో, సంప్రదింపుతో జరగాలన్నాడు. అంటే తల్లి ఆరోగ్యం, ఆమె మాట రెండూ ధర్మం దృష్టిలో విలువైనవే. బిడ్డల పెంపకం గురించి భార్యను సంప్రదించడం ఖుర్ఆన్ ఆదేశం.

ఉపాధి దిగులు పెట్టుకున్న తండ్రులు బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయతు గుర్తుంచుకోవాలి. పేదరిక భయంతో సంతానాన్ని చంపకండని, వారికీ మీకూ ఉపాధినిచ్చేది తానేనని అల్లాహ్ అంటున్నాడు. "ఇంతమందా!" అని వెక్కిరించే బంధువులకు జవాబు ఇదే. అల్లాహ్ ఆ ఆయతులో ముందుగా పిల్లల ఉపాధిని ప్రస్తావించాడు, తరువాత మనది. బహుశా మనం తింటున్నది వారి వంతులోంచే కావచ్చు.

చేయదగిన చిన్న పనులు

పసిపిల్లలున్న ఇంట్లో పెద్ద ప్రణాళికలు సాగవు. చిన్నవి సాగుతాయి.

అన్నం ముద్ద పెట్టేటప్పుడు బిస్మిల్లాహ్ పలికించండి. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) కుమారుడు ఉమర్ చిన్నతనంలో పళ్ళెంలో అటూ ఇటూ చేయి తిప్పుతుంటే, ప్రవక్త (స) అల్లాహ్ పేరు తలచుకోమని, కుడిచేత్తో, తన ముందున్నదే తినమని ప్రేమగా నేర్పారు. ఆ బాలుడు జీవితాంతం అలాగే తిన్నాడు (బుఖారీ).

ఒక బిడ్డను జోకొడుతూ మీకు వచ్చిన చిన్న సూరాలు చదవండి. రోజుకొక పారా కాకపోయినా నలుగురి చెవుల్లో ఖుర్ఆన్ పడుతుంది.

పిల్లలను పిలవడానికి అబద్ధం ఆడకండి. ఇస్తానని పిలిచి ఇవ్వకపోతే అది అబద్ధంగా రాయబడుతుందని అబూ దావూద్ హదీసు హెచ్చరిస్తోంది.

కోపం వచ్చినప్పుడు శాపానికి బదులు దుఆ అలవాటు చేసుకోండి. "అల్లాహ్ నిన్ను బాగుచేయ" అనండి. అరవాలనిపిస్తే ఆ మాటే అరవండి!

ఇరుగుపొరుగు సోదరీమణులు పసిబిడ్డల తల్లి ఇంటికి ఒక పూట కూర పంపండి. ఒక గంట పిల్లలను చూసుకోండి. అదీ ఇబాదతే.

చివరి మాట

ఆ రోజు నేను ఈ జవాబు చెబుతుండగానే పరదా వెనుక ఒక చంటిబిడ్డ ఏడ్చింది. కొందరు స్త్రీలు ఆ తల్లిని బయటికి తీసుకెళ్ళమని గుసగుసలాడారు. ఆమెను వెళ్ళనివ్వకండని, ప్రవక్త సున్నత్ ప్రకారం తగ్గవలసింది నా ప్రసంగమేనని చెప్పి త్వరగా ముగించాను. ఆ బిడ్డ చీటీ రాసిన సోదరిదేనేమో, అల్లాహ్‌కే ఎరుక.

సోదరీ! మీరు దూరం కాలేదు. దూరమైన మనసు రాత్రంతా నిద్రపోకుండా బాధపడదు. మనిషి చనిపోయాక అతని కర్మలు ఆగిపోతాయి. ఆగకుండా సాగేవి మూడు: నిరంతర దానం, ప్రయోజనకరమైన విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే ఉత్తమ సంతానం (ముస్లిం). ఇప్పుడు మీ కొంగు పట్టుకొని లాగుతున్న ఆ ఎనిమిది చేతులు, రేపు మీరు సమాధిలో ఒంటరిగా ఉన్నప్పుడు మీ కోసం పైకి లేచే చేతులు. వాటిని ప్రేమతో పట్టుకోండి.

ఓ అల్లాహ్! మా జీవిత భాగస్వాములను, మా సంతానాన్ని మా కంటి చలువగా చేయి. మమ్మల్నీ, మా సంతతినీ నమాజు నెలకొల్పేవారిగా చేయి. కోపంలో మా నాలుకల నుంచి జారిన మాటలను మన్నించు, వాటి కీడు నుంచి మా బిడ్డలను కాపాడు. అలసిన తల్లులకు ఓపికనూ, తండ్రులకు కరుణనూ, సంతానం లేనివారికి సత్సంతానాన్నీ ప్రసాదించు. ఆమీన్.